డ్రిల్లు మాస్టారి జోస్యం

ఈ రోజు మా తిరువూరులో ఒక జ్యోతిష్కుడి గుట్టు నా కంటబడింది.

మా బడి నడిపే అమెరికా ఫాదరు గారికి వాళ్ల ఊరి పేపర్లు ఓడ మీద రెండు నెలలు ఆలస్యంగా, కట్టలుగా వస్తాయి. ఆయన తర్వాతి తేదీలవి తొంగి చూడకుండా రోజుకొక్కటే తీసి, సాయంత్రం వరండాలో వాళ్ల ఊరి బేస్‌బాల్ జట్టు సంగతి మాకు చదివి వినిపిస్తారు. ఆ జట్టు గెలిచిన రోజు మాకు పండగ, ఓడిన రోజు అన్నం సయించదు. మా డ్రిల్లు మాస్టారు మాత్రం మీసం దువ్వుకుంటూ "రేపు మనోళ్లు ఓడిపోతారు, చూస్కోండి" అనేవాడు. అలాగే ఓడేవాళ్లు. అతని మీద గురి కుదిరి, పక్కూరు వినగడప రైతొకాయన "వానెప్పుడు పడుద్ది సార్?" అని కూడా అడిగాడు. ఈయన చెప్పాడు కూడా!

మధ్యాహ్నం పాఠం చెప్పడానికి సుద్దముక్కల కోసం ఆఫీసు గదిలోకి వెళ్తే, మాస్టారు కట్ట అడుగు నుంచి పేపరు లాగి చదువుతున్నాడు.

"ఇదేం పనండీ?" అన్నాను.

"ఎప్పుడో అయిపోయిన ఆటే కదండీ, ముందు చదివితే తప్పేంటి? ఇదీ వినండి, ఆఖరాటలో మనోళ్లు ఓడిపోయారు" అన్నాడు. సిగ్గుపడకపోగా, నేను ఇన్ని నెలలుగా ఎదురుచూస్తున్నదాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

సాయంత్రం ఫాదరు గారు ఇవాళ్టి పేపరు విప్పారు. మనవాళ్లు గెలిచారు. ఆ ముసలాయన మొహంలో వెలుగు చూసి, మాస్టారి గుట్టూ ఆఖరాట సంగతీ దాచేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మాస్టారే.

నాకొచ్చిన తిట్లేవీ అతనికి చాలలేదు. మీ దగ్గర పెద్దవేమైనా ఉంటే చెప్పండి.