చీమలకు చెప్పిన అబద్ధం

హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తోలే బండికి ఫోన్లు చూసుకునేది నేనే. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు కంప్యూటరెందుకులే అనుకునేదాన్ని. బండి ఓనరు కూతురు, ఇంజనీరింగ్ చదివిన అక్క, నా ఫోన్‌లో ఒక ప్రోగ్రాం పెట్టింది. తిండి దొరికిన దారిలో చీమ వాసన వదులుతుందంట, దగ్గరి దారిలో వాసన చిక్కబడుతుందంట, మిగతావన్నీ దాని వెంటే పోతాయంట. ఆ ప్రోగ్రాం అట్లాంటి ఉత్తుత్తి చీమలను మా ఊళ్ల దారుల్లో తిప్పి, ఏ ఇంటికి ఎప్పుడు పోవాలో చెబుతుంది. ఎవరి పురుగులు ఏ రోజు గూడు కట్టడం మొదలుపెట్టాయో రైతుల్ని అడిగి నేను ఎక్కించాలి, అంతే. ఆలస్యమైతే పురుగు సీతాకోకచిలుకై గూటిని తొలుచుకుని వచ్చేస్తుంది. బొక్కపడిన గూడును ఎవరూ కొనరు.

మొదట్లో బండి మధ్యాహ్నానికల్లా మార్కెట్‌లో ఉండేది. నేను ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే పెనుకొండ దగ్గరి ఊరినుంచి ఒకత్త ఫోన్ చేసింది.

"పాపా, బండి యాడుండాది? గూళ్లకు బొక్కలు పడ్తాండాయి!"

"నీ వంతు ఎల్లుండి గదత్తా! గురువారం కట్టినాయని నువ్వే చెప్తివి."

"మంగళవారమే కట్టె. నిజం చెప్తే దిష్టి తగల్దా? ఈడ అందరమూ రోజులు జరిపే చెప్తాం."

నెల రోజుల కష్టం ఆ గూళ్లలో ఉంది. బండి అప్పటికే ఇంకో ఊరి దారి పట్టింది. డ్రైవరన్నకు ఫోన్ చేశాను.

"నీ చీమలేమంటాయో అడుగు ముందు," అంటూనే బండి తిప్పాడు.

అత్త బండిలోనే కూర్చుని బొక్కపడినవి ఏరుకుంటూ వచ్చింది. ఒక గంపెడు పోయాయి. మిగతావి వేలానికి అందాయి. మార్కెట్ గేటు దగ్గర ఎదురుచూస్తున్న నన్ను చూసి నవ్విందో ఏడ్చిందో నాకే తెలియలేదు.

అందరికీ రెండు రోజులు తగ్గించేద్దామంది అక్క.

"కుదరదక్కా. ఒకరు ఒకరోజు జరుపుతారు, ఒకరు మూడు."

అప్పటినుంచి గూళ్ల మాటే ఎత్తడం లేదు. మల్బరీ ఆకు కోయడం ఎప్పుడు ఆపారని అడుగుతున్నాను. గూడు కట్టే పురుగు తినదు కదా! ఆకుకు దిష్టి తగులుతుందని ఎవరికీ భయం లేదు.

తర్వాతి పంటకు అత్తకే మొదట ఫోన్ చేశాను.

"ఆకు కోసేది సోమవారం నిలిపితిని పాపా," అంది తడుముకోకుండా.

సోమవారమని ఎక్కించి, ఊరికే అడిగాను.

"మరి గూళ్లెప్పుడు కట్టినాయత్తా?"

"బుధవారం!"