మందు కొలిచిన తమ్ముడు

సంఘం పెద్దగారు మొన్న సంతాప కూడికలో మైకు పట్టుకుని, "మన సహోదరుడు చివరి రోజుల్లో మందు మానేసి ప్రభువు దగ్గరికొచ్చాడు" అన్నారు. తప్పు, పెద్దగారూ. ఆయన మందు మానలేదు. పోయిన రోజు పొద్దున కూడా మందు కొలవడానికే బయల్దేరాడు. ఇక్కడ ఒమాన్‌లో, ఘాలాలోని మా మెట్ల ముందు కంపెనీ వ్యాన్ ఎక్కి, రుస్తాఖ్ చేరేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగింది. ఆయన కొలిచింది తుపాకి మందు.

ఆ ప్రసంగాన్ని ఎవరో పనిలేనివారు ఫోన్లో తీసి, పాలకొల్లులో ఉన్న ఆయన భార్యకు వాట్సాప్‌లో పంపారు. శవం ఇంకా ఊరు చేరలేదు, వీడియో చేరింది. ఆమె నాకు ఫోన్ చేసి, ఏడుపు కూడా మరిచిపోయి అడిగింది: "అక్కగారూ, ఆయన అక్కడ తాగేవారాండీ? నేను ఇన్నేళ్ళూ ఎవరితో కాపురం చేశానండీ?"

ఇది ఆమె కోసం రాస్తున్నాను. మన సంఘ పత్రికలోనే ఎందుకంటే, ఆ మాట విని తలలూపినవాళ్ళందరూ దీన్ని చదివేవాళ్ళే.

నేను నర్సు ఉద్యోగం చేసే కూతురి ఇంట్లో, మనవరాళ్ళను కాపలా కాస్తూ ఉంటున్న రిటైర్డు లెక్కల టీచర్ని. అదే మేడలో ఆయనది పక్క గది. మొదటి నుంచీ నన్ను అక్కగారూ అన్నాడు, నేను తమ్ముడూ అన్నాను. రుసైల్లో లేతు మిషను మీద పనిచేసేవాడు. తర్వాత ఒక ఒమానీ ఆసామి, రుస్తాఖ్ దగ్గర తన గురి పోటీల మైదానానికి తీసుకుపోయాడు. అక్కడ రైఫిళ్ళు కాల్చినవాళ్ళు వదిలేసిన ఇత్తడి గొట్టాలను కడిగి, కొలిచిన మందు పోసి, మూతిలో కొత్త బుల్లెట్ బిగించి మళ్ళీ తూటా చేయడం ఆయన డ్యూటీ. లైసెన్సు ఉన్న పనే. కానీ తుపాకి అన్న మాట బయట ఎక్కడా ఎత్తొద్దని ఆసామి గట్టిగా చెప్పాడు. పరాయి దేశంలో లేబర్ గదుల్లో ఆ మాట తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు నేను ఎత్తుతున్నాను. పోయినవాణ్ణి పనిలోంచి ఎవరూ తీసేయలేరు కదా.

సంఘం భోజనాల దగ్గర పెద్దగారే అడిగారు. "ఏం డ్యూటీ బ్రదర్?"

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "మందు కొలవడం అండి" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "ఈ మధ్య సెకండ్స్ తెస్తున్నారండి, కాస్త ఇబ్బందిగా ఉంది" అని కూడా అన్నాడు.

ఆ సాయంత్రానికి ఆయన బార్లో రెండో రకం సారా పోస్తాడని సంఘమంతా పాకింది. రాత్రికి పోయడం కాస్తా తాగడం అయింది. ఆ నెల నుంచి రొట్టె, రసం ఇవ్వకుండా ప్రభు బల్లకు ఆయన్ని దూరంగా ఉంచారు. అడిగినవాడు లేడు, విన్నవాడు లేడు.

నేను మాత్రం మర్నాడే మెట్ల మీద పట్టుకున్నాను. "ఏ మందయ్యా నువ్వు కొలిచేది?"

కిందికి చూశాడు, పైకి చూశాడు. "తుపాకి మందండి అక్కగారూ. మీరు ఎవరికీ..."

"సరే. టీ తాగుతావా?"

"ఆయ్" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో టీ తాగాడు. పంచదార లేకుండా.

ఈ సెకండ్స్ సంగతి కూడా చెప్పాలి. చమురు ధర పడిపోయిన ఏడాది కదా, అన్ని చోట్లా పొదుపు మొదలైంది. ఫ్యాక్టరీలో చిన్నాచితకా లోపంతో పక్కన పడేసిన బుల్లెట్లు తక్కువ ధరకు దొరుకుతాయని మేనేజరు వాటినే తెప్పించసాగాడు. మనం మిల్లు బట్టల్లో సెకండ్స్ కొనుక్కోమూ, అలాగే. తమ్ముడు వాటిని ఒక్కొక్కటీ అద్దం పలక మీద దొర్లించి చూసేవాడట. నున్నగా దొర్లితే ఉంచడం, తూలితే తీసేయడం. అలవాటు ముదిరి మా ఇంట్లో కూడా దొరికినదల్లా దొర్లించేవాడు. పెన్నులు, బెండకాయలు, మనవరాలి రంగు పెన్సిళ్ళు. ఒకసారి నా కొత్త పెన్ను బల్ల మీద దొర్లించి, నొచ్చుకుంటూ, "సెకండ్సేనండి అక్కగారూ" అన్నాడు.

"మరి మచ్చ పడ్డవన్నీ పారేస్తావా?" అని అడిగాను.

"లేదండి. మచ్చ వేరు, సొట్ట వేరు. మచ్చున్నది గురికే పోతుందండి. సొట్టున్నది ఎటు పోతుందో దానికే తెలీదు."

ప్రాక్టీసుకేగా, సొట్టవి కూడా బిగించి తూటాలు నింపెయ్యమన్నాడు మేనేజరు. "సబ్ భర్ దో భాయ్, ప్రాక్టీస్ హీ తో హై!" ఈయన నింపనన్నాడు. అరవలేదు, వాదించలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడట. అందుకు కొన్నాళ్ళు ఆయన చేత ఎండలో ఇత్తడి గొట్టాలు ఏరించారు. మొహం కమిలిపోయి వచ్చేవాడు. తాగి తాగి మొహం అలా అయిందని మన సంఘంలో ఒక సోదరి కనిపెట్టింది. ఆమెకు వైద్యం తెలియనందుకు దేవునికి స్తోత్రం.

అప్పుడే పెద్దగారి దగ్గరికి వెళ్ళి, తమ్ముడు తాగడు, ఆ మందు వేరు అన్నాను. అంతకన్నా చెప్పే వీలు లేదు. "మందు మందే కదమ్మా" అన్నారు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, ఇంత తేలికగా తప్పిన విద్యార్థిని చూడలేదు.

తమ్ముడు మాత్రం శుక్రవారం సెలవు రోజున జరిగే మన ఆరాధన మానలేదు. చివరి వరసలో కూర్చునేవాడు. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు రెండు చేతులా అందుకుని, తను తీసుకోకుండా, ఒలికిపోయేదేదో అందులో ఉన్నట్టు జాగ్రత్తగా పక్కవాళ్ళకు అందించేవాడు. అది చూడలేక ఒకసారి బయటికొచ్చాక కోప్పడ్డాను.

"నీకు రోషం లేదుటయ్యా?"

"నాకు పెట్టకపోతే పోయిందండి, పళ్ళెం నా చేతుల మీద నుంచే వెళ్తంది కదండీ" అన్నాడు.

సంతాప కూడికకు ఆయన గదిలోనే ఉండే జగిత్యాల మేస్త్రి కూడా వచ్చాడు. ప్రసంగం అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "గదేంది పెద్దమ్మా, గా సారు తాగుడేంది? సోడా తాగితెనే ముక్కులకెక్కి దగ్గుతుండె" అన్నాడు. పెద్దగారితో చెప్పమన్నాను. చెప్పాడు. పెద్దగారు అతని భుజం తట్టి బిర్యానీ పొట్లం ఇచ్చారు. అతను ఆ పొట్లాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. బతికుండగా బల్ల మీద చోటివ్వనివాళ్ళు పోయాక పెట్టిన ఆ కూడు నాకూ దిగలేదు.

నేను ఆమెకు ఫోన్లో చెప్పాను. కానీ నేను ఆయన పక్షం మనిషినని ఆమెకు తెలుసు. ఓదార్చడానికి చెబుతున్నానని అనుకుంటోంది. అన్నవారే వెళ్ళి కాదనాలి.

పెద్దగారూ, మీరు వచ్చే వారం సెలవు మీద భీమవరం వెళ్తున్నారని విన్నాను. పాలకొల్లు అక్కడికి ఎంతో దూరం కాదు. ఆమె ఇంటికి వెళ్ళండి. తుపాకి మందు అని రెండు మాటలూ కలిపి చెప్పండి, మొదటిది మింగేయకండి. బయల్దేరే ముందు ఇంకో చిన్న పని. ఆయన కళ్ళజోడు రూవీలో బస్టాండు వెనక కళ్ళద్దాల దుకాణంలో ఉంది, అద్దాలు మార్చమని ఇచ్చాడు. చీటీ నా దగ్గరుంది, శుక్రవారం ఆరాధన కాగానే ఇస్తాను. ఫ్రేము ఎడమ పక్కకు ఒరిగి ఉంటుంది. ఆమె తలగడ కింద పెట్టి పడుకుని వంచేసిందని, అది ఆమె చేసిన వంపని, ఆయన ఎన్నేళ్ళైనా సరిచేయించుకోలేదు. దుకాణంవాడు ఊరికే సరిచేస్తానంటాడు. చేయనివ్వకండి. మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకుని, ఆ వంపు అలాగే ఉండేట్టు తీసుకెళ్ళి ఆమె చేతికివ్వండి.