మంచులో సలోమి గొంతు

నౌపడ ఉప్పుమళ్ళలో సలోమిని ఎరగని వాళ్ళు లేరు. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే బైబిల్ ఉమెన్ ఆవిడ. చదువురాని కూలి ఆడవాళ్ళకు వాక్యమంతా పాటల్లోనే నేర్పింది. మంచి మనిషే గానీ మహా మొండిది. ఎవరినైనా మంచినీళ్ళు అడగాలన్నా నామోషీయే.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచి, విజయనగరంలో ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. ఇక విశ్రాంతి తీసుకోమన్నారు పాస్టరుగారు. పాట లేని బైబిల్ ఉమెన్ ఎవరికి కావాలని సలోమి లోలోపలే కుమిలిపోయింది. ఇంతలో మళ్ళలో ఉండే, తన దగ్గరే పాటలు నేర్చుకున్న ముసలి తాతమ్మ మంచం పట్టిందని, మాట కూడా పడిపోయిందని కబురొచ్చింది. ప్రార్థనకు తానే వెళ్తానని సలోమి సైగ చేసింది. తోడు పంపుతామంటే తల అడ్డంగా ఊపింది. తాను ఇంకా పనికొస్తానని తనకే రుజువు కావాలి మరి.

జనవరి పొద్దున. గట్టెక్కేసరికి మంచు కమ్మేసింది. కింద ఉప్పు తెలుపు, పైన మంచు తెలుపు. చేతిలోని సంచీ కూడా కనబడడం లేదు. ఒక్క అడుగు తప్పింది, కాలు మోకాలి దాకా బురదలో దిగబడింది. దగ్గర్లో ఉప్పుటేరు చప్పుడు, ఏ పక్కనో తెలియదు. కేక వేద్దామని నోరు తెరిస్తే గాలీ, కాస్త దగ్గూ వచ్చాయంతే. ఇక్కడ మునిగిపోయినా ఎవరికీ వినబడదని సలోమికి అర్థమైంది.

అప్పుడు వినబడింది పాట. తన పాటే. తాను సాగదీసే చోట సాగుతోంది, తాను ఆగే చోట ఆగుతోంది. మూడో చరణం చివర ఊపిరి చాలక తాను దగ్గే పొడి దగ్గు కూడా ఉంది. పోయిన తన గొంతు ఆ మంచులో ఎక్కడో కూర్చుని పిలుస్తోంది. మనిషి బతికుండగా గొంతొక్కటే చచ్చి తిరుగుతుందా? లేక తానే చచ్చిపోయిందా? సైతాను మాయ అనుకుని చెవులు మూసుకుంది. చేతులు తీస్తే మళ్ళీ అదే పాట, అదే దగ్గు. ఆ గొంతు ఎవరిదైనా కానీ, ఇంక వేరే దిక్కులేదు. గట్టు మట్టి తడుముకుంటూ దానివైపే పాకింది.

మంచులోంచి తాటాకు పాక ఒకటి బయటపడింది. గుమ్మంలో తాతమ్మ దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని పాడుతోంది. కోడలు మరిడమ్మ పరుగున వచ్చి సలోమిని పొదివి పట్టుకుంది. ఇన్నాళ్ళూ కదలని, మాట్లాడని మనిషి పొద్దున్నే తనంతట తానే లేచిందని, ఎంత చెప్పినా పాట ఆపలేదని చెప్పింది.

"బైబులమ్మ గట్టు మీద దారి తప్పిపోనాది, నేను పాడాల అన్నాదమ్మా. మీరొస్తన్నారని మాకే తెలీదు."

సలోమి తన గొంతు ముట్టుకుని, ఆ దగ్గేమిటని సైగతో అడిగింది. తాతమ్మ కళ్ళు తెరిచింది.

"అక్కడ దగ్గాల గదేటి? మీరు నేర్పినట్టే పాడినాను."

ప్రార్థన చేయబోయి సలోమి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఈసారి సిగ్గుపడలేదు. ముసల్దాని ముందు మోకరించి, ఉప్పు కొరికేసిన ఆ చేతిని తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. తాతమ్మ పాట మళ్ళీ మొదటి నుంచి అందుకుంది, మరిడమ్మ గొంతు కలిపింది. మూడో చరణం చివర ముగ్గురూ కలిసి దగ్గారు. ఆ పాటలో సలోమి కలపగలిగింది అదొక్కటే.