అతికిన పోగులు కోసిన రోజు

మగ్గం మీది పాత పోగుల కొసలకు కొత్త వార్పు, అంటే చీర నిలువు పోగులు, అతికించిన మూడో రోజు నేనే కత్తెర తీసుకుని అతుకులన్నీ కోసేశాను. నాలుగు వేల ఎనిమిది వందల పోగులు. అయిదుసార్లు లెక్కపెట్టాను, అయిదుసార్లూ సరిపోయింది. అయినా ఒకటి తగ్గిందనిపించింది.

ధర్మవరంలో మా వీధి మగ్గాలన్నిటికీ పోగుల లెక్క వేసేది నేనే. చదివింది ఏడో తరగతి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. రెండేళ్లుగా నేను తిరగేసి మరగేసి లెక్కపెడుతుంటే, "ఏం జాగ్రత్తప్పా!" అని మెచ్చుకున్నారే గానీ జబ్బని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నేసేది నా భార్య లక్ష్మి. కోసిన పోగులు చూసి, "ఇంగ నా చేత కాదు. మగ్గం మా తమ్మునింటికి తీసకపోతా. నీ లెక్కలు నువ్వే ఉడకేసుకోని తిను" అంది. ఉత్త బెదిరింపు కాదని తెలుసు.

అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. దాని దారం నిండా ముళ్లు. సాయంత్రానికి వాటినీ లెక్కపెడుతూ కూర్చున్నాను. మందుల షాపులో పనిచేసే బావమరిది, "తలకాయలో కెమికల్ తగ్గింటాది బావా" అన్నాడు. లక్ష్మి మాత్రం, "పోగుల లెక్క తప్పి చీర చెడిందని సావుకారి పదిమందిలో తిట్టినాడే, ఆపొద్దు నుంచే ఇట్లయినాడు" అంది.

ముగ్గురూ కలిసి నన్ను అనంతపురం తీసుకెళ్లారు. థైరాయిడ్ టెస్ట్ నార్మల్. సైకియాట్రిస్ట్ ముగ్గురి మాటలూ విని, "మీ నాయనకు ఇట్లాంటిది ఉండేదా?" అని అడిగారు. ఉండేది. వేసిన తాళాన్ని వీధి చివరి నుంచి వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసేవాడు.

"ఇది ఓసీడీ, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. మెదడులో సెరటోనిన్ అనే కెమికల్ తేడా, ఇంటి నుంచి వచ్చిన గుణం, నలుగురిలో పడిన మాట, లెక్క తప్పితే కొంప మునుగుతుందనే ఆలోచన, అన్నీ కలుస్తాయి. ఇదొక్కటే కారణమని చెప్పలేం. తాయెత్తు ఉండనీ, మాత్ర మానొద్దు."

"ఒక్కోదానికి ఎన్ని పాళ్లు సార్?"

"చూడప్పా, ఈ లెక్క అడగడమే నీ జబ్బు" అని ఆయన నవ్వారు. చాలా రోజుల తర్వాత లక్ష్మి కూడా నవ్వింది.

మూడు నెలలకు తేలికపడ్డానని మాత్రలు నేనే మానేశాను. నెల తిరక్కముందే జబ్బు మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ మాత్రలు, వాటితో పాటు ఎక్స్‌పోజర్ థెరపీ. అంటే ఒక్కసారే లెక్కపెట్టి, గుండె ఎంత దడదడలాడినా చేతులు కట్టుకుని కూర్చోవడం. మొదటిరోజు చొక్కా చెమటతో తడిసిపోయింది. పక్కనే కూర్చున్న లక్ష్మి, "ఏమప్పా, కొంప మునిగిందా?" అని అడిగింది. మునగలేదు. అరగంటకు దడ దానంతటదే తగ్గింది.

అప్పటి నుంచి పద్నాలుగు వార్పులు అతికించాం. ఒక్కటీ కోయలేదు. మగ్గం మా ఇంట్లోనే ఆడుతోంది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే గాలా, మెదడా, మనసా అని తేల్చుకునేదాకా ఆగకండి. ఎవరికి తోచిన కారణం వాళ్లు డాక్టరు దగ్గరే చెప్పండి. మా విషయంలో ప్రతి మాటా పనికొచ్చింది.

అమ్మ కోసం తాయెత్తు ఇంకా కట్టుకునే ఉన్నాను. దానికి ముళ్లు ఎన్నో ఇప్పుడు గుర్తులేదు.