మంచినీళ్ల బిందె, ఉప్పునీళ్ల ఇంజన్

ఈమధ్య ఒక పెళ్లికి వెళితే, మండపం ముందు ఒక పాతకాలపు చిన్న కారును పూలదండలతో అలంకరించి నిలబెట్టారు. కుర్రాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. పెళ్లికొడుకు మేనమామ మీసం దువ్వుకుంటూ, "ఆ రోజుల్లో ఇంజన్లంటే ఇంజన్లు సార్, ఇప్పటివన్నీ డొల్ల రేకులు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అలాంటి కారు బానెట్ ఎత్తి చేతులు కాల్చుకున్నది నేను, పొగిడేది ఆయన. పెళ్లిలో గొడవెందుకని భోజనం చేసి వచ్చేశాను. భోజనం అరిగింది గానీ ఆ మాట అరగలేదు. అందుకే రాస్తున్నాను.

అచ్చం అలాంటి కారునే నేను అరవైల మొదట్లో వాకాడు చుట్టుపక్కల బాడుగకు తిప్పాను. నాలుగు సిలిండర్లు, నాలుగూ కలిపి వెయ్యి సీసీకి లోపే. బలం ముప్పై గుర్రాలు దాటి కాస్త. అదీ కొత్తలో, చలిదేశంలో, నున్నటి రోడ్డు మీద. చేతులు మారి మారి నా దగ్గరికి వచ్చేసరికి వాటిలో ఎన్ని చచ్చాయో, ఎన్ని కుంటుతున్నాయో దేవుడికే తెలియాలి. పెట్రోలు పంపు ఇంజన్‌కే అతుక్కుని ఉండేది. ఎండాకాలం ఆ సెగకు పంపులోని పెట్రోలు ఆవిరైపోయి, కార్బురేటర్‌కు చుక్క ఎక్కేది కాదు. దానికి తడిగుడ్డ చుట్టి, చల్లారేదాకా నీడ వెతుక్కుని కూర్చోవాలి. సముద్రపు గాలికి డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు అందించే పాయింట్లు చిలుం పట్టేవి. పొద్దున్నే అగ్గిపెట్టె గరుకు పక్కతో రుద్దితేగానీ నిప్పురవ్వ పుట్టేది కాదు. సిలిండర్లుండే బ్లాకుకూ, దాని మూతలాంటి హెడ్డుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ అయితే, ఇంజన్ కాస్త వేడెక్కితే చాలు, పేలిపోయేది. మేనమామగారు మెచ్చుకున్న ఇంజన్ సుగుణాలివి.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని కూడబలుక్కుంటూ, తెలియని మాటను వాకాడులో చదువుకున్నవాళ్లను అడుగుతూ, మొదటి నుంచి చివరిదాకా చదివాను. రేడియేటర్‌లో ఉప్పూ సున్నమూ లేని నీళ్లే పోయాలని అందులో రాసి ఉంది. రాసినవాడికేం, వాడి ఊళ్లో ఆకాశం నుంచి మంచినీళ్లు రోజూ పడతాయి. మా ఊరు సముద్రానికి కూతవేటు దూరం. బావి తవ్వితే ఉప్పు. మంచినీళ్లు కావాలంటే ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి, గుడ్డలో వడగట్టుకోవాలి. ఒక బిందె నిండేసరికి ఆడవాళ్లకు నడుములు పడిపోయేవి. నేను ఒకసారి డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్లాను.

"ఏం అబ్బయ్యా, నీ కారు మంచినీళ్లు తప్ప ముట్టదా?" అంది ఒకామె.

"అన్నం కూడా పెట్టాలేమో అడగవే. నెయ్యేసి కలిపి పెడదాం" అంది ఇంకొకామె.

"ఇనప్పెట్టెకి పోస్తే మా పిల్లకాయలు గొంతులెండి చావాల్నా? పో పో, బావినీళ్లు పోసుకో" అంది మూడో ఆమె.

వాళ్ల మాటలో తప్పేముంది? డబ్బాతో తిరిగివచ్చి బావినీళ్లే పోశాను. మా వైపు కార్లన్నీ తాగింది ఆ నీళ్లే. రేడియేటర్ సన్నగొట్టాల్లో ఉప్పు పేరుకుని, గట్టిపడి, నీళ్లు తిరిగే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయేవి. బాడుగ వస్తే బండి ఎక్కడ పొంగుతుందో చెప్పలేం.

ఒక వేసవిలో మా అక్కకు వాంతిభేది పట్టుకుంది. ఆమెను మా ఊళ్లోనే ఇచ్చాం. తెల్లవారుజామున మొదలైంది. నాకు కబురొచ్చి వెళ్లి చూసేసరికి కళ్లు గుంటల్లోకి పోయాయి, వేళ్లు చాకిరేవులో నానినట్టు ముడతలు పడ్డాయి. బావ పనిమీద పైఊరు వెళ్లాడు. గూడూరు ఆసుపత్రికి చేర్చకపోతే మనిషి దక్కదని చూస్తేనే తెలుస్తోంది. అక్కను వెనక సీట్లో పడుకోబెట్టాను. వాళ్ల అత్తగారు పక్కన కూర్చుని అక్క తల తొడమీద పెట్టుకుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక మంచినీళ్ల బిందెను, మూతికి బోర్లించిన చెంబుతో సహా, కాళ్ల మధ్య ఇరికించుకుంది.

ఊరు దాటకముందే అక్క అడిగింది. "తమ్ముడా, రవ్వన్ని నీళ్లు."

"వద్దమ్మా, ఓర్చుకో తల్లీ" అని అత్త తడిగుడ్డతో ఆమె పెదాలు తుడిచింది.

"నాలుక పిడచకట్టుకుపోతా ఉంది కదత్తా, ఒక గుక్క పట్టు" అన్నాను.

"నువ్వు బండి చూసుకో. లోపలికి పోయినకొద్దీ బయటికి పోతాది. నా పెద్దకొడుకు ఇట్టనే నీళ్లు నీళ్లు అంటే మనసు ఆగక కడుపునిండా పోసినా. పొద్దుగూకేలోపల పోయినాడు. నేను చూసినా. నువ్వు చూసినావా?"

ఆమె కొడుకు పోయింది నీళ్లు తాగినందుకు కాదు, నీళ్లు చాలనందుకని ఆమెకు చెప్పినవాళ్లెవరు? మా ఊరిదాకా వచ్చి ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఎవరికి తీరింది? అప్పటికి నాకూ తెలియదు. ఇంజన్‌లో నీళ్లు తగ్గితే ఏమవుతుందో మాత్రం తెలుసు. అద్దంలో అక్క మొహం చూస్తూ ఆ లెక్కే వేసుకుంటున్నాను.

దారిలో వచ్చే కోట ఊరు ఇంకా కనబడలేదు. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. ఇంజన్ టకటకలాడి, నాలుగడుగులు ఈడ్చుకుపోయి ఆగిపోయింది. చెట్టన్నది లేదు. రోడ్డు పక్క కాలువలో ఒకాయన పొడుగాటి కర్ర పట్టుకుని బాతులు మేపుతున్నాడు. నేను గోనెపట్టా వేసి రేడియేటర్ మూత తిప్పేసరికి, మరిగిన నీళ్లు ఎగజిమ్మాయి.

"ఏందన్నా, నీ కారుకి కూడా వాంతులా?" అని నవ్వాడు బాతులాయన. దగ్గరికొచ్చి, లోపలున్న మనిషిని చూసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. మళ్లీ నవ్వలేదు.

"ఈ కాలవనీళ్లు ఎట్టుంటాయి?" అన్నాను.

"ఉప్పు కషాయం అన్నా. సముద్రం పోటుకి ఎక్కిన నీళ్లు. మంచినీళ్లు కావాలంటే కోటకి పోవాల్సిందే."

వెనకనుంచి అత్త బిందె బయటికి చాచింది. "ఇయ్యి పొయ్యిరా దానికి. కారుకి మంచినీళ్లే మేలని ఊరంతా చెప్తా తిరిగినావు కదా. పోసెయ్, పోదాం."

నేను రేడియేటర్ మూత పట్టుకునే వెనక్కి తిరిగాను. "కారుకి పోస్తావా? మనిషికి వద్దుగానీ కారుకా?"

"కారు కదిల్తేనే కదరా మనిషి బతికేది!"

ఆమె తప్పేమీ మాట్లాడలేదు. అదే నన్ను ఇంకా మండించింది. అక్క కళ్లు సగం మూసుకుని, ఆ బిందెనే చూస్తోంది. అడగడానికి కూడా ఓపిక లేదు. నేను బిందె అందుకున్నాను. ఇంజన్ వైపు వెళతానని అత్త అనుకుంది. అటు తిరిగి రెండో తలుపు తీసి, అక్క తల పైకెత్తి, చెంబుతో నీళ్లు పట్టాను.

"చంపుతుండాడే, తోడబుట్టినదాన్ని చంపుతుండాడే!" అని అత్త నా వీపు మీద రెండు చేతులా బాదింది.

బాతులాయన మెల్లగా అన్నాడు. "తాగనీమ్మా. పోయేటప్పుడన్నా గొంతు తడవనీ."

ఆయన ఆశ వదిలేసుకుని అన్న మాట అది. అత్త చేతులు ఆగిపోయాయి. అక్క కొంత కక్కింది, మళ్లీ తాగింది. బిందెను అత్త ఒళ్లో పెట్టి, "అడిగినప్పుడల్లా పట్టు" అన్నాను. ఆమె చెంబు అందుకుంది.

ఇక ఇంజన్. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది. చల్లారేదాకా ఆగాలి, లేదా ఇంజన్ తిరుగుతుండగా కొంచెం కొంచెం పోయాలి. అది తిరగదు. ఆగితే అక్క ఉండదు. బాతులాయన తన కుండతో కాలువనీళ్లు తెచ్చాడు. పోశాను. లోపల టక్కుమని ఒక్క శబ్దం, కుండ పగిలినట్టు. బాడుగ బతుకు అక్కడే తెగిపోయిందని నాకు అర్థమైంది. తువ్వాలు ఆ నీళ్లలోనే ముంచి పెట్రోలు పంపుకు చుట్టి, హ్యాండిల్ పెట్టి తిప్పాను. చేతులు బొబ్బలెక్కాక, మూడు సిలిండర్ల మీద, తెల్లపొగ కక్కుతూ లేచింది. ఆయన కుండ మళ్లీ నింపి నా పక్కన పెట్టి, "కుండ సంగతి తర్వాత చూసుకుందాం, పో అన్నా" అన్నాడు.

దారి పొడుగునా ఇంజన్‌కు ఉప్పునీళ్లు, అక్కకు మంచినీళ్లు. గూడూరులో రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు పోయేదాకా యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఉంచినా, గేటు ఎత్తే సమయానికి ఇంజన్ చచ్చింది. మళ్లీ లేవలేదు. అక్కను రిక్షాలోకి ఎక్కించి, పక్కన పరుగెత్తాను.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ నర్సమ్మ అడిగింది. "దారిలో నీళ్లేమన్నా పట్టినారా?"

నేను నోరు తెరిచేలోపే అత్త ఫిర్యాదు చేసింది. "వీడేనమ్మా పట్టింది! నేను వద్దంటానే ఉండా."

"పట్టబట్టే ఇంతవరకు వచ్చింది" అంది నర్సమ్మ.

అత్త నా వైపు తిరిగి, "ఈమె మీ చుట్టమా?" అంది.

అక్క బతికింది. ఇంజన్ బతకలేదు. విప్పి చూస్తే బ్లాకు రెండు సిలిండర్ల మధ్య నిలువునా చీలింది. నీళ్లు తిరగాల్సిన దారుల నిండా గోడకు కొట్టిన సున్నంలా ఉప్పు. పాత ఇనుముకు పోయింది. తర్వాత చాలా ఏళ్లు నేను ఇతరుల లారీలు తోలి బతికాను.

అత్తగారు మాత్రం ఉన్నన్నాళ్లూ నన్ను వదల్లేదు. ఎప్పుడు వాళ్లింటికి వెళ్లినా అదే మాట. "ఆ పొద్దు నా మాట విని బిందెడు నీళ్లూ దానికే పోసుంటే కారు నిలిచేది కదరా. ఈ పొద్దు దొరబాబు మాదిరి తిరగతా ఉండేవాడివి."

ఒకసారి అక్క వాకిట్లో చేపలు తోముతూ తలెత్తి అడిగింది. "మరి నేనో అత్తా?"

"నీకేమే," అంది అత్త, "దుక్కలా ఉండావు."