ఐదు గుంటలు, ఐదు సెంట్లు

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మనవరాలు, సర్కారు కొలువు పరీక్ష కోసం అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటర్‌కు పోయి వచ్చే పిల్ల, అన్నం కలుపుకుంటూ ఆనాటి పాఠాన్ని పైకి వల్లె వేసుకుంది. ఎకరానికి నలభై గుంటలు, అదే ఎకరానికి వంద సెంట్లు, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు, గుంటంటే రెండున్నర సెంట్లు. ఆ చివరి మాట దగ్గర నేను ముద్ద కంచంలోనే వదిలేశాను. పిల్లకు అది పరీక్షలో ఒక మార్కు. మా ఇంట్లో దాని కింద ఒక మనిషి బతుకు నలిగిపోయింది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో కొత్తిమీర మళ్లు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ మా ఈడు వాళ్లకు తెలుసు. మాకు అక్కడ ఎకరానికి కాస్త ఎక్కువే భూమి, ఒక మోట బావి ఉండేవి. పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేసేవాళ్లం. చీకటితోనే మా అమ్మ కట్టలు కట్టి తడిగుడ్డ కప్పేది, ఆ వాసన ఇప్పటికీ అప్పుడప్పుడు ఎక్కడినుంచో వచ్చి నన్ను నిలబెట్టేస్తుంది. బావికి ఇవతల మా ఇల్లు, అవతల మా మేనత్త ఇల్లు. చిన్న వయసులోనే భర్త పోయి తన అన్న, మా నాయిన దగ్గరకు వచ్చేసిన మనిషి. రెండు గదుల పెంకుటిల్లు, పక్కన కొట్టం, అందులో రెండు బర్రెలు. బేగంపేట ఇళ్లకు పాలు పోసి ఒకరి ముందు చేయి చాపకుండా బతికింది. మా నాయిన కంటే ఆమె గొంతే పెద్దది, నవ్వూ పెద్దదే.

బావి ఎండటం మొదలయ్యాక, చుట్టూ ఇళ్లు లేచాక, భూమి అమ్మక తప్పలేదు. కొన్న పెద్దమనిషి కోస్తా వైపు నుంచి వచ్చిన గుత్తేదారు. మా అన్న ఆయన దగ్గరే గుమాస్తాగా చేరి ఉన్నాడు. మా ఇంట్లో చదువుకున్నది అన్న ఒక్కడే కాబట్టి బేరమంతా వాడి నోటి మీదనే నడిచింది. నాయిన అడిగింది ఒక్కటే, ఐదు మాకు ఉంచి మిగతాది తీసుకొమ్మని. రెండు ఇళ్లు, కొట్టం, బావి, అన్నీ ఆ ఐదులోకి వస్తాయని ఆయన లెక్క. కాగితాలు అన్నే చదివి వినిపించాడు. నాయిన వేలిముద్ర వేశాడు.

కొలతలు వేసేవాళ్లు గొలుసు పట్టుకొచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మేనత్త కేక విని బయటికి పరుగెత్తాను. కొట్టం మధ్యలో, బర్రెల కాళ్ల దగ్గర, హద్దు గుంజ పాతుతున్నారు.

“అన్నా, వీళ్లు నా కొట్టంల గుంజ పాతుతున్నరు, జర వచ్చి చూడు.”

నాయిన వచ్చి ఇది మా జాగ అన్నాడు. ఆ పెద్దమనిషి కోపం లేకుండానే జవాబు చెప్పాడు. “ఐదు ఉంచుకుంటామన్నారు కదండీ. ఐదు సెంట్లూ కొలిచే వదిలేశాం.”

“ఐదు గుంటలన్న. సెంట్లంటే నాకేమెరుక?”

“మా వైపు సెంట్లేనండీ. మీ అబ్బాయికి అప్పుడే విడమరిచి చెప్పాను, తెలుసన్నాడు.”

అందరం అన్న వైపు చూశాం. వాడు నేల చూశాడు. ఆరు వందల గజాలు రెండు వందల నలభై అయ్యాయని, మా ఇల్లు మిగిలి మేనత్త ఇల్లు, బావి పోయాయని అప్పటికి నాకు ఇంకా లెక్క తెలియదు గానీ, వాడి మెడ వంగిన తీరులో సంగతి మొత్తం తెలిసిపోయింది.

“నీకెరుకనే ఉండెనారా?” అని మాత్రం అడిగింది మేనత్త.

కులపెద్దలు వచ్చారు, పోయారు. పడిన వేలిముద్రను ఎవరు చెరపగలరు? వానలు వెళ్లేదాకా గడువిచ్చారు. బర్రెలను ఎవరో కొని తోలుకుపోయారు. మేనత్తను మా ఇంట్లోనే ఉండమని అమ్మ కాళ్లావేళ్లా పడింది. ఆమె ఒప్పుకోలేదు. ఎర్రగడ్డలో ఒక అద్దె గదికి మారి, ఇళ్లల్లో అంట్లు తోముకుని బతికింది. నేను పోయినప్పుడల్లా చాయ్ పెట్టేది, కానీ ఆ పెద్ద నవ్వు మళ్లీ వినలేదు. నాయిన ఆ తరువాత ఎక్కువ కాలం బతకలేదు.

తన పాడెకు మా అన్న భుజం తగలొద్దని మేనత్త పోయేముందే ఇరుగుపొరుగుకు చెప్పి పెట్టింది. వాళ్లే మోశారు. అన్న గల్లీ మొదట్లో నిలబడిపోయాడు. నేను దగ్గరికి పోయి ఎందుకు చేసినవని అడిగాను. వాడు దాచలేదు.

“గప్పుడు చెప్తే బేరం చెడుతుండె. బేరం చెడితే నా నౌకరీ పోతుండె. అత్తమ్మ ఒక్క మనిషి కదా, ఎక్కడైనా ఉంటదనుకున్న.”

ఆ ఐదు సెంట్లు కూడా తరువాత బిల్డరుకే పోయాయి. అన్నకొక ఫ్లాటు, నాకొకటి వచ్చాయి. ఇప్పుడు గుంటలూ లేవు, సెంట్లూ లేవు, అంతా చదరపు అడుగులు. భూమిలో నాకు కొన్ని గజాల వాటా ఉందని కాగితంలో రాశారు. ఆ గజాలు ఎక్కడున్నాయో చూపించమంటే చూపేవాడు లేడు. నాయిన కళ్లు మూసుకుని చెప్పేవాడు, ఏ మడిలో ఏది బాగా వస్తుందో.

అన్న నాకు పై అంతస్తులో ఉంటాడు. లిఫ్టులో కలిస్తే నీళ్లు వచ్చాయా, కరెంటు ఎప్పుడు పోయింది అని మాట్లాడుకుంటాం. మా చిన్నప్పుడు జానెడు గట్టు కోసం కొట్లాడుకుని జీవితాంతం ముఖాలు చూసుకోని అన్నదమ్ములు ఉండేవారు. వాళ్లను చూసి మూర్ఖులనుకునేదాన్ని. వాళ్లకు కనీసం బంధం ఎక్కడ తెగిందో తెలుసు. మేము రోజూ పలకరించుకుంటూనే ఉన్నాం.