ఎడమ చేతి సీతాఫలాలు

మాదాపూర్ మెట్రో మెట్ల కింద సీతాఫలాల బండి వాసన తగిలితే చాలు, నా ఎడమ చెయ్యే ముందుకు పోతుంది.

చిన్నప్పుడు ఇక్కడి గుట్టల్లో కాయలు తెంపి గడ్డిలో మాగేసేవాళ్లం. నాది ఎడమ చేతి వాటం. "నువ్వు ముడితే మాగవే, కుళ్లుతయ్!" అనేది నాయనమ్మ. నిజంగానే నా చేతిలో విషం ఉందనుకునేదాన్ని.

ఎనిమిదో తరగతిలో ఆ మాట చెబితే సైన్సు సారు నవ్వలేదు. "అవునా? చూద్దాం పట్టు" అని రెండు గంపలు తెప్పించారు. ఒకదాంట్లో నేను ఎడమ చేత్తో, ఇంకోదాంట్లో నా దోస్తు యాదమ్మ కుడిచేత్తో కాయలు పెట్టాలి. కన్ను తెరిచి పక్వానికొచ్చిన కాయలు యాదమ్మ తీసుకుని, పచ్చివి నాకు వదిలింది.

"గట్లయితె ఏం తెలుస్తది బిడ్డా? రెండిట్ల ఒక్క తీరు కాయలే ఉండాలె" అని సారు రెండు గంపల్లోనూ ఒకేలాంటి కాయలు పెట్టించి గడ్డి కప్పించారు.

కొన్నాళ్లకు గడ్డి తీస్తే రెండు గంపలూ ఘుమఘుమలాడాయి. నా గంప ఎత్తుకుని ఇంటికి ఉరికాను. నాయనమ్మ ఒకటి తిని, గింజలు ఊసి, ఇంకోటి అందుకుంది.

"ఇగ మురిసింది చాలు. రేపటి సంది నువ్వే మాగెయ్" అంది.

మా ఆయన పోయాక, నేనెదురొస్తే పని చెడుతుందన్నవాళ్లు ఉన్నారు. నేను మాత్రం ఎదురుగానే నడుస్తున్నాను.